నలభై యూరోలు

గాల్వేలో వాన అడ్డంగా కురుస్తుంది.
గొడుగు ఇక్కడ ఒక మర్యాద, అంతే.
అట్రాక్టా హెషన్ పుస్తకాన్ని
రొట్టెల సంచీలో చుట్టి, కోటు లోపల దాచి తెచ్చింది.
"విలువెంతో రాసివ్వండి" అంది,
"బీమా వాళ్లకి కాగితం కావాలట."

ముప్పై ఏళ్లుగా నా పని ఇదే.
ముందు వాసన చూస్తాను.
బూజు వేరు, ఎలుక వేరు, పొగ వేరు.
ఇది పొగ. చిత్తడినేలను కోసి కాల్చే పీట్ గడ్డల పొగ,
నూరేళ్లయినా తోలును వదలని మొండిది.

భూస్వామికీ కౌలుదారుకీ మధ్య చట్టం.
న్యాయ విద్యార్థుల కోసం. రెండో కూర్పు.
దూడతోలు అట్ట ఎర్రగా పొడి రాలి
నా చొక్కా చేతులకు ఇటుకపొడిలా అంటుకుంది.
వెన్ను రెండుచోట్ల చిట్లింది.
పేరు రాసుకునే మొదటి కాగితాన్ని ఎవరో చింపేశారు.
దొంగిలించిన పుస్తకాలకు తరచూ ఉండే గాయం అది;
ఆ మాట ఆమెతో అనలేదు.

చట్టం పుస్తకం పాలలాంటిది,
కొత్త కూర్పు వచ్చిన మర్నాడే విరిగిపోతుంది.
పటాల పుస్తకమైతే ఫ్రేము కట్టుకుంటారు.
రద్దయిన సెక్షన్లను ఎవరు కొంటారు?
అరలు నింపుకునే వకీళ్లు, గజాల లెక్కన.
సినిమా సెట్లు వేసేవాళ్లు, అదీ గజాల లెక్కనే.

అంకె నోటిదాకా వచ్చింది.
అలవాటుకొద్దీ పుస్తకాన్ని వెన్ను మీద నిలబెట్టి
చేతులు వదిలేశాను.
తమంతట తాము ఎక్కడ తెరుచుకుంటాయో
అదే పుస్తకాల అసలు చిరునామా.
ఇది రెండువందల పన్నెండో పేజీ దగ్గర పడింది.
ఖాళీ చేయించు నోటీసు: అందించవలసిన పద్ధతి.

మిగతా పేజీలు ఎవరూ తొక్కని మంచు.
ఈ ఒక్కటీ పశువులు నడిచిన బురద దారి.
మైనం చుక్కలు పదకొండు.
బొటనవేళ్లకు అరిగి మూలలు గుండ్రమయ్యాయి.
ప్రతి పెద్దమాటనూ పెన్సిలు గీతలతో ముక్కలు చేశారు,
పసివాడికి రొట్టె తుంచి పెట్టినట్టు.
మార్జిన్లో ఒకే మాట తొమ్మిదిసార్లు,
ఎనిమిదిసార్లు తప్పుగా:
వ్యక్తిగతముగా.

"ఫెస్టస్. మా ముత్తాత" అంది.
"బండి తోలేవాడు. అక్షరాలు దీంట్లోనే నేర్చుకున్నాడు,
వేరే పుస్తకం దొరక్క."
"గెలిచాడా?"
"ఎక్కడ! జడ్జి నవ్వాడట.
నోటీసు మనిషి చేతికివ్వకుండా తలుపు సందులో దూర్చారని
లేచి, నత్తి నత్తిగా, ఆ పేజీ చదివి వినిపించాడు.
వాయిదా పడింది. మార్చికి.
మార్చిలో వచ్చి పైకప్పు పీకేశారు."

కాసేపు గోడ మీది ధరల పట్టీ చదువుతున్నట్టు నిలబడి,
"మా నాయనమ్మ ఫిబ్రవరిలో పుట్టింది" అంది.

నా వృత్తిలో రాతలు ధర తగ్గిస్తాయి.
మైనం తగ్గిస్తుంది, పొగ తగ్గిస్తుంది.
పేరున్నవాడి సంతకం ఒక్కటే పెంచుతుంది,
దాన్ని ఫెస్టసే చింపి ఉంటాడు.
నా ఫారంలో పదిహేడు గడులున్నాయి.
చలికాలానికి లేదు.

"మైనం గీకిస్తే పెరుగుతుందా?"
"కొంచెం."
"అయితే వద్దు."

నలభై యూరోలు అని రాసి సంతకం చేశాను.
నా ఫీజు అరవై. వద్దన్నాను.
వినలేదు. చిల్లరతో సహా లెక్కపెట్టింది,
రసీదు అడిగింది.
కాగితాలు రెండూ బల్ల మీద ఆమె వైపు జరిపాను.
కదల్లేదు.
"చేతికివ్వండి" అంది.

లేచి నిలబడి ఇచ్చాను.